ఎవరి కొడుకని అడిగే ఊరు

గామ్‌గోల్,
సెప్టెంబరు 3, 2019

సుగ్యోంగూ,

ఫోను మోగీ మోగీ ఆగిపోతోంది కాబట్టి కాగితం పట్టుకున్నాను. రాసేది మీ పిల్‌సున్ అత్తే, ఎవరితోనూ రాయించడం లేదు. ఊరి హాల్లో ముసలివాళ్ళకు అక్షరాలు నేర్పే క్లాసుకు వెళ్ళడం ఇది రెండో ఏడు. తప్పులు పోతే నవ్వుకో, నాకు వినబడదు. పక్కింటి సాంచాన్ వదిన వెనక బల్ల మీద కూర్చుని, "డెబ్బై ఏళ్ళకు బడిలో చేరావు, ఇక సంబంధాలు చూడటమే తరువాయి" అంటుంది. తను మాత్రం తన పేరు రాయడానికి మధ్యాహ్నమంతా తీసుకుంటుంది.

పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలని కార్డు రాస్తే నువ్వు ఒక కట్ట పంపావు. వంటల పుస్తకంలో మాకు తెలియనిదేమీ లేదు. నువ్వు రాసిన చిన్న పుస్తకం మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు స్కూళ్ళకూ ఊళ్ళకూ వెళ్ళి చెప్పే పాఠం అదేనని అట్ట మీద ఉంది. అందులో ఒకచోట, "ఆడపిల్లల జోలికి పోయి శిక్ష పడ్డవాడు కూడా ఒకనాటికి బయటికి వస్తాడు. అతనికి ఒక ఇల్లు, ఒక పని, మీద కన్నేసి ఉంచే నలుగురు మనుషులు ఉండాలి. తరిమేస్తే కనబడకుండా పోతాడు, మారడు" అని రాశావు. అది చదివి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. నోటితో చెప్పలేనిది నువ్విలా పంపావని నాకు అర్థమైంది.

మీ నాన్న ఈ నెల ఇరవైన విడుదలవుతున్నాడు. మీ అమ్మ ఇంకో ఇల్లు చూసుకుంది, ఆమెను తప్పు పట్టను. వాడికి మిగిలింది నేనొక్కదాన్నే. ఇక్కడికే తెచ్చుకుంటాను. ఊరు ఒప్పుకోవాలి, అదొక్కటే భయం. ఎండబెట్టి అమ్మే గామ్ పండ్ల కాలం వస్తోంది. చెక్కు తీసి, దారాలకు కట్టి, పందిరికి వేలాడదీసే పని ఒంటి చేత్తో అయ్యేది కాదని నీకు తెలుసు. ఈ రోజు నేను నీ ఇంటికి, రేపు నువ్వు నా ఇంటికి అన్న లెక్క మీదే ఇక్కడ అందరం బతుకుతున్నాం. ఆ లెక్కలోంచి తీసేస్తే నేనేమీ చేయలేను.

సాయంత్రాలు మాత్రం బాగున్నాయి. థుయ్ అని, వియత్నాం నుంచి మా ఊరికి వచ్చిన కోడలు, ఆమె కూతురు బోమి స్కూలు బస్సు దిగి నేరుగా మా వాకిట్లోకి వస్తుంది. తల్లి పొలం నుంచి వచ్చేదాకా ఇక్కడే. నా హోంవర్కు అదే దిద్దుతుంది. "అవ్వా, మళ్ళీ అదే తప్పు" అని నెత్తిన కొట్టుకుంటుంది.

నువ్వు పంపిన లోపలి చలి బట్టలు కూడా చేరాయి.

నీ అత్త
పిల్‌సున్

*

దేజోన్,
సెప్టెంబరు 9, 2019

అత్తా,

నీ ఉత్తరం నేను పనిచేసే సెంటర్లో అందరూ భోజనానికి వెళ్ళాక చదివాను. అక్షరాలు బాగా కుదిరాయి. నేను నవ్వలేదు.

ఆ పుస్తకం ఆయన గురించి కాదు. అక్షరాలు పెద్దవి కాబట్టి పంపాను, అంతే. పోయినేడు ఊళ్ళలో పెద్దవాళ్ళ కోసం రాసింది అది. అందులో ప్రతి మాటకూ ఇప్పటికీ కట్టుబడతాను. కానీ అది నీకు రాసిన ఉత్తరం కాదు, దాన్ని అలా చదవకు.

ఆయన్ను ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పను. నీ తమ్ముడు, నీ ఇల్లు. నా దగ్గరికి మాత్రం ఏ కబురూ తేకు.

ఒక్క విషయం. ఆయన రాకముందే, ఊరి హాల్లో ఎవరికీ చెప్పకముందే, బోమి వాళ్ళ అమ్మకు చెప్పు. మొట్టమొదట ఆమెకే. పిల్లలున్న ఇళ్ళకు ప్రభుత్వం ఎలాగూ కాగితం పంపుతుంది. అది చేతికి వచ్చేదాకా ఆగకు. నీ నోటితో చెప్పు, ఇకనుంచి పిల్లను పంపవద్దని కూడా నువ్వే చెప్పు.

నీకు తెలియదని రాస్తున్నాను. నాన్న కేసులోని ఆ పిల్ల మా స్కూలే. నాకంటే రెండు తరగతులు కింద. నాన్న నడిపే ట్యూషన్ బండిలో ఆఖరున దిగేది ఆమె. ఆ సంగతి బయటపడ్డాక ఆమె స్కూలుకు రాలేదు. నేను వెళ్ళాను. పరీక్షలు రాశాను. ఆమె బల్లను వాళ్ళ క్లాసువాళ్ళు కొన్నాళ్ళు అలాగే ఉంచి తర్వాత వరండాలో పెట్టారు. నేను రోజూ ఆ వరండాలోంచే నడిచాను.

ఇక్కడ ఎవరికీ నేను ఎవరి కూతురినో తెలియదు.

చలి బట్టలు నీకే. పై నుంచి వదులుగా వేసుకుంటావని పెద్ద సైజు తీసుకున్నాను.

సుగ్యోంగ్

*

గామ్‌గోల్,
అక్టోబరు 2, 2019

సుగ్యోంగూ,

తుపాను వచ్చి పోయింది. మా పెరట్లో కొమ్మ ఒకటి విరిగింది, పండ్లు పెద్దగా రాలలేదు.

మీ నాన్న వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ఎక్కడున్నాడో ప్రభుత్వానికి తెలిసేలా కాలికి కట్టిన యంత్రం మేజోడు కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది. రోజూ దానికి కరెంటు పెట్టాలి. గోడ పక్కన కాలు చాచి కూర్చుంటాడు, నేను అటు చూడను. తిండి బాగానే తింటున్నాడు.

భయపడినంత జరగలేదు. హాల్లో అందరి ముందూ చెప్పేశాను. ఒక్కళ్ళు కూడా మొహం చిట్లించలేదు. సాంచాన్ వదిన, "పోనీలే, మగాడన్నాక ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. ఏడేళ్ళు తిన్నాడుగా జైలు కూడు" అంది. ఇంకొకావిడ, "రాత్రి పది దాటాక ఒంటరిగా బండెక్కిన పిల్లకు బుద్ధి ఉండక్కర్లా?" అంది. ఊరి పెద్ద బే, "గ్యుషిక్ మన ఊరి కొడుకు. అప్పుడు శిక్ష తగ్గించమని కోర్టుకు అర్జీ పెట్టినప్పుడు ఇంటింటి పేరు ముద్రా నా సంచిలోంచే తీసి వేశాను. ఇప్పుడు వదిలేస్తామా?" అన్నాడు. నీకు గుర్తుందో లేదో, సంతకం బదులు వేసే ఊళ్ళో వాళ్ళ ముద్రలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. ఏ కాగితం వచ్చినా ఆయనే వేసేవాడు, మేం సరే అనేవాళ్ళం. సాయంత్రానికి మా గుమ్మంలో ముల్లంగి మోపు, గుడ్ల అట్ట, ఒక సారా సీసా.

నువ్వు చెప్పినట్టు థుయ్‌కి ముందు చెప్పలేదు. ఆమెకు మన భాష అంతంతమాత్రం, కంగారు పెట్టడం ఎందుకులే, మెల్లగా చెబుదాం అనుకున్నాను. ఈలోగా ఆమె ఇంటికి కాగితం వచ్చింది. చదవడం రాక హాలుకు తెచ్చింది. బే అందరి ముందూ పైకి చదివాడు. పేరు, ఫొటో, మా ఇంటి నంబరు. థుయ్ రెండుసార్లు అడిగింది, "ఏ ఇల్లు? ఈ అవ్వ ఇల్లా?" అని. నేను పోసిచ్చిన టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

బోమి రావడం లేదు. బస్సు మా గుమ్మం ముందు ఆగడం లేదు, కింది మలుపు దగ్గర ఆగుతోంది.

ఆడవాళ్ళు థుయ్‌నే తిడుతున్నారు. "పై దేశం నుంచి వచ్చింది, మన ఊరి మర్యాదలు దానికేం తెలుసు" అని. నాకది నచ్చలేదు, కానీ నోరెత్తలేదు. మా వైపు మాట్లాడేవాళ్ళను ఎలా ఆపను?

అందుకే ఒక పని చేశాను. ఏటా ఏదో ఒక ఊళ్ళో పెట్టే పాఠం ఈ ఏడు మా ఊరి వంతు. చెప్పే మనిషి కోసం ప్రభుత్వ ఆఫీసువాళ్ళు బేను అడిగితే, మా మేనకోడలు ఆ పనే చేస్తుందని నేనే అన్నాను. నువ్వు వచ్చి పుస్తకంలో ఉన్నదే చెప్పు. తరిమెయ్యకూడదని చెప్పు. చదువుకున్న పిల్ల చెబితే థుయ్ వింటుంది. బోమి మళ్ళీ వస్తుంది.

చలి బట్టలు మీ నాన్నకు సరిగ్గా సరిపోయాయి. నీ మనసు నాకు తెలియదా?

అత్త

*

దేజోన్,
అక్టోబరు 10, 2019

అత్తా,

ఆ బట్టలు నీకోసం కొన్నాను. పోయిన ఉత్తరంలో అదే రాశాను. చదివి కూడా ఆయనకు ఇచ్చావు. నేను ఏం రాసినా నువ్వు దాని వెనక ఇంకొకటి చదువుతున్నావు.

మొన్న ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. గామ్‌గోల్ నవంబరు 6కి ఖాయమైంది, పేరు నాది. వద్దంటే కారణం చెప్పాలి. నేను చెప్పలేనిది ఆ కారణమే. కాబట్టి వస్తున్నాను.

ఆ రోజు ఆయన ఊళ్ళో ఉండకూడదు. నన్ను ఎవరికీ మేనకోడలని పరిచయం చెయ్యకు, వాళ్ళకు గుర్తున్నా సరే. పాఠం చెప్పే మనిషిగా వస్తాను, పాఠం అయ్యాక వెళ్ళిపోతాను.

ఇంకొకటి ముందే చెబుతున్నాను. నువ్వు అనుకున్నదే నేను చెబుతానని అనుకోకు. తరిమెయ్యవద్దని చెబుతాను. కానీ దానికంటే ముందు చెప్పేవి చాలా ఉన్నాయి. రాత్రి పదికి బండెక్కిన పిల్లకు బుద్ధి ఉండాలన్న మనిషికి నేను ఇంకేదైనా చెప్పకముందు ఆ పిల్ల ఎందుకు ఎక్కిందో చెప్పాలి.

పాఠం మొదట్లో నేను చేతులెత్తమంటాను. ఇలాంటి శిక్ష పడి వచ్చిన మనిషి మీ వీధిలో ఉండొచ్చా అని అడుగుతాను. చదువు పెరిగేకొద్దీ జనంలో కసి తగ్గుతుందని మాకు నేర్పారు. పట్నంలో పెద్ద చదువులవాళ్ళు నిజంగానే టక్కున చేతులెత్తుతారు, శిక్ష అయిపోయాక అతనికీ హక్కులున్నాయంటారు. "మీ పక్కింట్లో?" అంటే అవే చేతులు దిగిపోతాయి. ఒకాయన ఎత్తిన చేత్తో జుట్టు సవరించుకున్నాడు. ఊళ్ళలో అసలు ఎత్తరు, దించరు. "ఎవరి కొడుకు?" అని అడుగుతారు. రెండింటికీ నా దగ్గర పుస్తకంలో జవాబు ఉంది. అది ఎంతవరకు పనిచేస్తుందో నాకు తెలియదు. అది ఎవరితోనూ అనను.

నీ మోకాలికి మందు రాస్తున్నావా?

సుగ్యోంగ్

*

గామ్‌గోల్,
అక్టోబరు 21, 2019

సుగ్యోంగూ,

నువ్వు వస్తున్నావన్న ముక్క చదివి మిగతాది మర్నాడు చదివాను. నీకు పెట్టే పరుపు ఎండలో వేశాను. మోకాలు నువ్వు వచ్చాక చూద్దువుగాని.

ఆ రోజు గ్యుషిక్‌ను పండ్ల మండీకి పంపిస్తాను, సాయంత్రం దాకా రాడు. జనం మధ్య తండ్రిని చూడాలంటే నీకు ఎలాగో ఉంటుంది, నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న నింపాదిగా కూర్చోవచ్చు. వాడికి నేనేమీ గట్టిగా చెప్పలేదు, నువ్వు వస్తున్నావని మాత్రం అన్నాను. మధ్యాహ్నం చూస్తే క్షవరం చేయించుకుని వచ్చాడు.

బే తన పందిరి కింద వాడికి పని ఇచ్చాడు. చెక్కు తీసే చెయ్యి బాగా తిరుగుతోందట. వచ్చే వారం మా పండ్లకు పదిమంది వస్తామన్నారు. నువ్వు చిన్నప్పుడు చెక్కు తెగకుండా తీసి మెడలో వేసుకునేదానివి.

థుయ్ ఎదురుపడితే తల వంచి నమస్కారం పెడుతుంది. ఆగదు.

అత్త

*

దేజోన్,
నవంబరు 9, 2019

అత్తా,

నేను రాత్రి ఉండనని, వెంటనే వెళ్ళిపోతానని రాశాను. నువ్వు పరుపు వేశావు. సరే. దాని గురించి కాదు.

బస్సు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో పండ్ల సంచి. నేను పాఠం ఏర్పాటు చేసిన ఆఫీసు ఆవిడతో మాట్లాడుతూ నడుస్తున్నాను, చూసుకోలేదు. "బాగా మాట్లాడావట" అన్నాడు. నేను బస్సెక్కాను. సంచి తీసుకోలేదు. బస్సు కదిలేదాకా ఆయన కిటికీ కిందే ఉన్నాడు. ఆఫీసు ఆవిడ "ఎవరు?" అంది. నేను జవాబు చెప్పనక్కర్లేకపోయింది, అప్పటికే హాల్లో అంతా విన్నది.

నువ్వే పంపించావు. అబద్ధం ఆడి రప్పించావు. అలా అనుకుంటూనే ఇంటిదాకా వచ్చాను.

హాల్లో జరిగింది నువ్వూ చూశావు, కానీ నువ్వు వెనక గదిలో గిన్నెలు సర్దుతూ సగం విన్నావు. అందుకని రాస్తున్నాను. చేతులెత్తమన్నాను. సాంచాన్ అత్త ఒళ్ళో పండు చెక్కు తీస్తూనే, "ముందు వాడు ఎవరి కొడుకో చెప్పమ్మా, అప్పుడు ఎత్తుతాం" అంది. అందరూ నవ్వారు. ఇంకో ఊళ్ళో అయితే నేనూ నవ్వి, నా తర్వాతి కాగితం తిప్పేదాన్ని. ఆ రోజు నోరు ఆగలేదు.

"వాడు ఎవరి కొడుకో మీకు తెలుసు. ఆ పిల్ల ఎవరి కూతురని ఎవరైనా అడిగారా?" అన్నాను.

ఆ తర్వాత చెప్పింది పుస్తకంలో లేదు. ట్యూషన్ అయ్యేది రాత్రి పదికి అని చెప్పాను. ఆ పిల్లను బండెక్కించింది వాళ్ళ అమ్మేనని, నాన్న నడిపే బండి కాబట్టి భయం లేదనుకుందని చెప్పాను. ఆ అమ్మ మా అమ్మ దగ్గర కిమ్చీ పచ్చడి పెట్టడం నేర్చుకున్న మనిషి. బల్ల గురించి చెప్పాను. ఈ ఊరు పెట్టిన అర్జీ కోర్టులో ఆ పిల్ల ముందు పైకి చదివారని చెప్పాను. గామ్‌గోల్ జనమంతా ముద్దాయి మంచివాడని అంటున్నారని. ఆమె తల ఎత్తి, ఇంతమందా అన్నట్టు మా వైపు చూసింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

చెక్కు తీయడం ఆపారు అందరూ. బే, "అది ఊరి మంచికే చేశాం" అన్నాడు. ఆయనకు ఎవరూ వంత పాడలేదు. సాంచాన్ అత్త, "నా ముద్ర వెనక్కి తీసుకోవచ్చా?" అని అడిగింది. కుదరదన్నాను. "అప్పుడు చదవడం రాదమ్మా నాకు" అంది. చదవడం రాకపోయినా, దేనికోసమో ఆవిడకు తెలుసు. ఆ మాట ఆవిడతో అనలేదు, నీతో అంటున్నాను.

తరిమెయ్యవద్దన్న పాఠం ఆఖర్లో చెప్పాను. ఎవరూ విన్నట్టు లేదు. థుయ్ ఒక్కతే చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

సోమవారం మా సెంటరు పెద్దావిడ మాట్లాడాలంది.

సుగ్యోంగ్

*

గామ్‌గోల్,
నవంబరు 24, 2019

సుగ్యోంగూ,

ఇంత ఆలస్యం ఎందుకంటే రాసి చించాను. తిట్టి రాసినవి చించాను.

బస్సు దగ్గరికి వాణ్ణి నేను పంపలేదు. మండీలో సరుకు తొందరగా అమ్ముడై ముందు బస్సుకే వచ్చేశాడు. ఆ సంచి నీకోసం నేను కట్టి గుమ్మంలో పెట్టింది, వాడు తీసుకుని పరుగెత్తాడు. నమ్మితే నమ్ము. నువ్వు వస్తున్నావని వాడికి చెప్పింది మాత్రం నేనే. మర్నాడు పొద్దున్న అన్న మాట నా తలలోంచి పుట్టింది, నీ ఉత్తరంలో లేదు. తర్వాత మళ్ళీ తీసి చదివాను.

నువ్వు వెళ్ళాక ఊరు మారింది. మా పండ్లకు వస్తామన్న పదిమందిలో ఒక్కళ్ళూ రాలేదు. నేనూ గ్యుషిక్ చేసినంత చేశాం. మిగిలినవి మెత్తబడ్డాయి, మెత్తబడ్డ పండు దారానికి ఆగదు. చెట్టు మీద ఉన్నవి పిట్టలకు వదిలేశాను. బే వాణ్ణి పనిలోంచి తీసేశాడు. మొదట్లో వాడి భుజం మీద చెయ్యి వేసినవాడే ఇప్పుడు వాడు దారిలో కనబడితే ఉమ్మేస్తున్నాడు. అప్పుడు తెలియకనా, ఇప్పుడు తెలిసా? నాకు అంతుపట్టడం లేదు. నిన్ను తప్పుపట్టాలని చాలా చూశాను. నువ్వు చెప్పింది నిజం కాబట్టే ఇదంతా అని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

ఊరంతా కలిసి కిమ్చీ పెట్టారు. మైకులో అందరినీ పిలిచారు, మా ఇంటికీ ఆ మైకు వినబడుతుంది కదా. కానీ మనిషి వచ్చి పిలవలేదు. నేను వెళ్ళలేదు. చీకటి పడే వేళకు సాంచాన్ వదిన గుమ్మం బయట ఒక తొట్టి దించింది.

"నీ వాటా" అంది.

"లోపలికి రా వదినా, చలిగా ఉంది."

"కోపం నీ మీద కాదే పిల్‌సున్. ఆ ఇంట్లోకి కాలు రావడం లేదు" అని వెళ్ళిపోయింది. క్లాసులో ఇప్పుడు నా వెనక బల్ల ఖాళీ. ఆవిడ ముందు వరసలోకి మారింది.

మా గుమ్మం దాకా వచ్చి మాట్లాడింది థుయ్ ఒక్కతే. నేను దండం పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "అవ్వా, నేను లోపలికి రాను. బోమి రాదు. ఆయన బయటికి వెళ్ళే టైము చెప్పండి. రోజూ చెప్పండి. మారితే అదీ చెప్పండి" అంది. చెప్పాను. రాసుకుంది. "ఉమ్మితే నాకేం లాభం? టైము కావాలి" అంది. ఆ మాట అనేటప్పుడు కూడా ఆమె కళ్ళు నా వెనక తలుపు మీదే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వచ్చి వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, అన్నాల దగ్గర గ్యుషిక్‌ను అడిగాను. ఏడేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, జైలుకు వెళ్ళినప్పుడల్లా చలేస్తోందా, తిన్నావా అనే అడిగాను. "ఆ పిల్ల ఏమైందో ఎప్పుడైనా అనుకున్నావా?" అన్నాను.

చెంచా కింద పెట్టాడు. "నా లెక్క అయిపోయింది అక్కా. ఏడేళ్ళు కూర్చున్నాను. ఇంకా ఎవరికి ఏం బాకీ ఉన్నాను?" అన్నాడు. చెంచా మళ్ళీ తీసుకుని, "చారు ఇంకొంచెం వెయ్యి" అన్నాడు.

వేశాను. ఆ రోజు నుంచి వాడి పళ్ళెం వాడికి పెట్టి నేను వంటింట్లో తింటున్నాను. వాడు ఎందుకని అడగలేదు.

పంపించేద్దామనుకున్నాను. రాత్రిళ్ళు అదే ఆలోచన. ఎక్కడికి పోతాడు? ఏదో ఊళ్ళో, ఏదో స్కూలు వెనక ఇరుకు గది తీసుకుంటాడు. అక్కడ చెప్పడానికి నాలాంటిది ఉండదు, అడగడానికి థుయ్ లాంటిది ఉండదు. నీ పుస్తకంలో కన్నేసి ఉంచే నలుగురు అని రాశావు. నలుగురు లేరు. నేనున్నాను. జాలితో ఉంచుకోవడం లేదని నీకు తెలియాలని రాస్తున్నాను. తెచ్చుకున్న రోజు జాలితోనే తెచ్చుకున్నాను.

గురువారం మాత్రం వాడు పట్నంలో ఆఫీసరు ముందు సంతకం పెట్టి రావాలి. మొదటి బస్సుకు వెళ్ళి చివరి బస్సుకు వస్తాడు. ఆ ఒక్క రోజు తలుపు బార్లా తీసి పెడతాను. ఎవరూ రారు. పిలవడానికి నాకు మొహం లేదు.

చలి బట్టలు వాడి దగ్గరి నుంచి తీసేసుకున్నాను. ఉతికి నేనే వేసుకుంటున్నాను. వదులుగానే ఉన్నాయి.

పిల్‌సున్

*

దేజోన్,
డిసెంబరు 1, 2019

అత్తా,

నమ్ముతున్నాను. బస్సు దగ్గర సంగతి నమ్ముతున్నాను.

సెంటరు పెద్దావిడ మంచిగానే మాట్లాడింది. టీ ఇచ్చింది. "మీ కుటుంబం సంగతికీ మీ పనికీ సంబంధం లేదు, మాకు ఆ తెలివిడి ఉంది" అంది. రెండు మాటలయ్యాక, బయటి పాఠాలకు కొన్నాళ్ళు ఇంకొకరిని పంపుదాం, మీరు విశ్రాంతి తీసుకోండి అంది. తరిమెయ్యవద్దన్న ఆ పాఠం మా ఇద్దరికీ కంఠతా వచ్చు. అందుకే ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నాతో కలిసి భోజనం చేసే అమ్మాయి ఈ మధ్య పనుందని తొందరగా తినేసి లేస్తోంది. అడగలేదు.

ఆ రోజు నేను చెప్పింది ఎక్కువైందా అని చాలా ఆలోచించాను. ఆ పిల్ల కథ చెప్పకుండా తరిమెయ్యవద్దని మాత్రం చెప్పి ఉంటే నీ పండ్లు పందిరికి ఎక్కేవి. ఊరు నీకు గుడ్లూ ముల్లంగీ ఇస్తూనే ఉండేది. థుయ్‌ని తిడుతూనే ఉండేది. నేను మళ్ళీ అక్కడ నిలబడితే మళ్ళీ అదే చెబుతాను. నీ ఇంటికి ఎవరూ రాకపోవడం నా వల్లే అన్నది కూడా నిజమే.

పుస్తకం రెండోసారి అచ్చు వేస్తారట, మార్పులుంటే చెప్పమన్నారు. ఆ నలుగురు అన్న చోటే ఆగిపోయాను. ఏం రాయాలో తోచక తిరిగి ఇచ్చేశాను.

వచ్చే గురువారం సెలవు పెట్టాను. మొదటి బస్సులో వచ్చి పట్నంలో దిగే ఆయనకు నేను ఎదురుపడకూడదు కాబట్టి రెండో బస్సుకు వస్తాను. నేను వస్తున్న సంగతి థుయ్‌కి చెప్పు, తెలియని మనిషి ఎవరో నీ ఇంట్లోకి వెళ్ళిందని కంగారుపడుతుంది. ఇంకెవరికీ చెప్పకు. పరుపు వెయ్యకు.

మోకాలి మందు తెస్తాను. వంట నేను చేస్తాను. నువ్వు వంటింట్లో కాదు, ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని తినాలి.

చివరి బస్సు రాకముందే వెళ్ళిపోతాను. వెళ్ళేముందు రెండు గిన్నెలూ కడిగి, తుడిచి, వాటి చోట బోర్లించి వెళ్తాను. ఎవరైనా వచ్చారా అని ఆయన అడిగితే లేదని చెప్పు.

సుగ్యోంగ్